చన్నీటి అడుగున వెచ్చని చొక్కా

వానాకాలంలో గొర్రెల మంద వెంట వెళ్ళే కాపరిని మీరు చూసే ఉంటారు. నెత్తిమీద నుంచి మడమల దాకా నల్లటి గొంగడి కప్పుకొని ఉంటాడు. వాన జోరుగా కురుస్తున్నా అతడు వణకడు. గొంగడి పైన తడుస్తుంది, లోపల వెచ్చగానే ఉంటుంది. ఆ గొంగడి బదులు అంతే బరువున్న నూలు దుప్పటి కప్పుకుంటే పది నిమిషాలలో పళ్ళు టకటకలాడతాయి. ఎందుకంటారు?

ఈ ప్రశ్నకు జవాబు తెలిస్తే మరో ప్రశ్నకు కూడా జవాబు దొరుకుతుంది. గడ్డకట్టటానికి సిద్ధంగా ఉన్న సముద్రంలో మునిగి గంటసేపు పనిచేసే మనిషి లోపల ఏం తొడుక్కోవాలి? ఇది చిన్న విషయంగా కనిపించవచ్చు. కాని ఈ ఎంపికలో పొరపాటు జరిగితే డైవరు చలితో బాధపడటంతో ఆగదు. ప్రాణం మీదికి కూడా రావచ్చు. దాదాపు రెండు వందల సంవత్సరాలుగా మనిషి ఈ చిక్కును ఒక్కొక్క మెట్టుగా ఎలా విప్పుకుంటూ వచ్చాడో చూద్దాం.

నీరు వేడిని ఎలా దోచుకుంటుంది?

గది ఉష్ణోగ్రత 27 డిగ్రీల సెల్సియస్ ఉంటే మీకు హాయిగా ఉంటుంది. అదే 27 డిగ్రీల నీటిలో మెడ దాకా మునిగి కదలకుండా కూర్చోండి. మొదట చల్లగా, బాగానే ఉంటుంది. గంట గడిచేసరికి ఒళ్ళు జలదరిస్తుంది. నీటిలో ఊరికే కూర్చున్న మనిషికి చలీ వేడీ తెలియకుండా ఉండాలంటే ఆ నీరు సుమారు 33 నుంచి 35 డిగ్రీలు ఉండాలి.

దీనికి కారణాలు రెండు. నీటి ఉష్ణవాహకత గాలి కంటే సుమారు 24 రెట్లు ఎక్కువ. అంటే శరీరం నుంచి వేడి నీటిలోకి అంత తేలికగా ప్రవహిస్తుంది. రెండవది, ఒక లీటరు నీటిని ఒక డిగ్రీ వేడిచేయటానికి కావలసిన ఉష్ణం ఒక లీటరు గాలికి కావలసిన దానికంటే మూడు వేల రెట్లకు పైగా ఉంటుంది. కనుక చుట్టూ ఉన్న నీటిని మన ఒంటి వేడితో వెచ్చబరచటం సముద్రంలో చెంబెడు వేన్నీళ్ళు పోసినట్లే. మన శరీరం లోపలి ఉష్ణోగ్రత 37 డిగ్రీల నుంచి కేవలం రెండు డిగ్రీలు తగ్గి 35కు వస్తే చాలు, వైద్యులు దానిని ప్రమాదస్థితిగా లెక్కిస్తారు. అంతకు చాలా ముందే వేళ్ళు మొద్దుబారతాయి, ముడి వేయలేం, మీట తిప్పలేం, ఆలోచన మందగిస్తుంది.

మరి ఈ దోపిడీని ఆపేది ఏది? కదలని గాలి. ఉన్ని వెచ్చన, దూది వెచ్చన అని అంటాం గాని, నిజానికి వెచ్చదనం ఆ పోగుల్లో లేదు. పోగుల మధ్య చిక్కుకొని కదలలేని గాలిలో ఉంది. చొక్కాల పని ఆ గాలిని పట్టి ఉంచటమే.

ముంపులో మునిగిన ఓడ, రబ్బరు పూసిన బట్ట

1782 ఆగస్టు 29న ఇంగ్లండులోని పోర్ట్స్‌మత్ దగ్గర లంగరు వేసి ఉన్న ‘రాయల్ జార్జ్’ అనే 100 ఫిరంగుల యుద్ధనౌక ఒరిగి మునిగిపోయింది. ఎనిమిది వందల మందికి పైగా చనిపోయారు. ఓడల రాకపోకలకు అడ్డంగా పడివున్న ఆ శిథిలాన్ని తొలగించే పని 1839లో సైనిక ఇంజనీరు చార్లెస్ పాస్లీకి అప్పగించారు. 1843 దాకా ఆ పని సాగింది.

అప్పటికి రెండు ముఖ్యమైన విషయాలు జరిగాయి. 1823లో స్కాట్లండుకు చెందిన చార్లెస్ మాకింతోష్ రెండు బట్టల మధ్య రబ్బరు పొరను అంటించి నీరు దిగని బట్టను తయారుచేసి పేటెంటు పొందాడు. అదే సంవత్సరం చార్లెస్ డీన్ అనే ఇంగ్లీషువాడు పొగలోకి వెళ్ళే వారి కోసం ఒక శిరస్త్రాణానికి పేటెంటు తీసుకున్నాడు. తరువాత డీన్ సోదరులు దానినే నీటి అడుగుకు దిగటానికి మార్చారు. ఐతే ఆ శిరస్త్రాణం అడుగు తెరిచి ఉండేది. డైవరు కాస్త వంగితే నీరు లోపలికి వచ్చేది. లండనులో స్థిరపడిన జర్మన్ పనివాడు ఆగస్టస్ సీబే, శిరస్త్రాణాన్ని రబ్బరు బట్ట అంగీకి మెడ దగ్గర బిగించి, ఒళ్ళంతా మూసివేసే సూటు తయారుచేశాడు. పాస్లీ మనుషులు రాయల్ జార్జ్ మీద వాడింది ఇదే. నీటిలో మునిగినా ఒళ్ళు తడవకుండా ఉండటం అప్పుడు సాధ్యమయింది.

ఐతే ఇక్కడ ఒక ముఖ్యమైన సంగతి గమనించండి. రబ్బరు బట్ట నీటిని ఆపుతుంది, చలిని ఆపదు. రెయిన్‌కోటు ఒక్కటే తొడుక్కొని డిసెంబరు తెల్లవారుజామున బయటికి వెళ్తే ఎలా ఉంటుందో అలాగే ఉంటుంది. కనుక డైవర్లు లోపల ఉన్ని బనియను, ఉన్ని లాగు, పొడవాటి ఉన్ని మేజోళ్ళు, నెత్తిమీద ఉన్ని టోపీ వేసుకునేవారు. నీరు బాగా చల్లగా ఉంటే ఒకదాని మీద ఒకటి రెండు మూడు జతలు తొడిగేవారు. బయటి తొడుగు నీటిని ఆపాలి, లోపలి తొడుగు వేడిని ఆపాలి అనే పని విభజన అప్పుడే మొదలయింది. నేటికీ అదే సూత్రం.

ఉన్నినే ఎందుకు ఎంచుకున్నారు? ఉన్ని పోగు నిటారుగా ఉండదు, మెలికలు తిరిగి ఉంటుంది. ఆ మెలికల వల్ల పోగులు ఒకదానికొకటి అతుక్కోవు, మధ్యలో గాలి నిలుస్తుంది. పైగా ఉన్ని తన బరువులో మూడోవంతు దాకా నీటి ఆవిరిని పీల్చుకొని కూడా తడిగా అనిపించదు. పీల్చుకునేటప్పుడు కొంచెం వేడిని కూడా విడుదల చేస్తుంది. నూలు ఇందుకు వ్యతిరేకం. తడవగానే చప్పబడి ఒంటికి అతుక్కుంటుంది. గాలి ఉండవలసిన చోట నీరు చేరుతుంది. మన గొర్రెల కాపరి గొంగడి రహస్యం ఇదే. ఇంగ్లండు డైవరూ, మన కాపరీ ఒకరినొకరు ఎరుగకుండానే ఒకే నిర్ణయానికి వచ్చారన్నమాట.

ఈ ఉన్ని పద్ధతి చాలా కాలం నిలిచింది. 1902లో అంటార్కిటికాకు వెళ్ళిన జర్మన్ యాత్రలో ఓడ మరమ్మతు కోసం విల్లీ హైన్‌రిష్ అనే వడ్రంగి అక్కడి మంచునీటిలోకి దిగాడు. దక్షిణ ధ్రువ ప్రాంతంలో డైవింగుకు అదే ఆరంభం. అక్కడి సముద్రజలం మైనస్ 1.8 డిగ్రీల దాకా ఉంటుంది. ఉప్పు వల్లనే అది గడ్డకట్టకుండా ఉంది.

‘జిగట చావు’

రెండవ ప్రపంచ యుద్ధం డైవరును గాలి గొట్టం నుంచి విడదీసింది. వీపున సిలిండరు కట్టుకొని, శత్రునౌకల కిందికి రహస్యంగా ఈదుకొని వెళ్ళవలసి వచ్చింది. 1942లో బ్రిటిష్ నౌకాదళం స్కాట్లండులోని చల్లని సముద్రపు పాయలలో ఇందుకు శిక్షణ ఇచ్చింది. వారు తొడిగిన రబ్బరు సూటు పేరు స్లాడెన్ సూటు. కాని డైవర్లు దానికి పెట్టుకున్న ముద్దుపేరు వేరు. దాని భావం ‘జిగట చావు’.

ఆ పేరు ఎందుకు వచ్చి ఉంటుందో ఊహించటం కష్టం కాదు. పాత సూటులో పైనుంచి పంపు ద్వారా నిరంతరం గాలి వచ్చి కవాటం గుండా బయటికి పోతుండేది. ఆ గాలితోపాటు ఒంటి తేమ కూడా కొంత పోయేది. కొత్త సూటులో ఆ ప్రవాహం లేదు. మనిషి కదలకుండా ఉన్నా చర్మం నుంచి ఆవిరి వెలువడుతూనే ఉంటుంది. శ్రమిస్తే చెమట ధారలు కడుతుంది. ఆ ఆవిరి చల్లని రబ్బరుకు తగిలి నీటిబొట్లుగా మారి తిరిగి లోదుస్తుల మీదికే చేరుతుంది. బయటి నుంచి ఒక్క చుక్క రాకపోయినా డైవరు లోపల తడిసిపోతాడు. లోపలి సూటు వేడిని ఆపితే చాలదు, తేమను చర్మం నుంచి దూరంగా లాగివేయాలి అనేది ఇక్కడ నేర్చుకోవలసిన పాఠం.

మరో చిక్కు పీడనం. నీటిలో ప్రతి 10 మీటర్ల లోతుకు సుమారు ఒక వాతావరణ పీడనం చొప్పున పెరుగుతుంది. 30 మీటర్ల లోతున మొత్తం 4 వాతావరణాలు. బాయిల్ సూత్రం మీరు బడిలో చదువుకున్నదే: పీడనం నాలుగింతలైతే గాలి ఘనపరిమాణం నాలుగోవంతు అవుతుంది. సూటులోకి కొత్తగా గాలి చేరకపోతే ఉన్న గాలి కుంచించుకుపోతుంది, రబ్బరు మడతలు చర్మాన్ని గిచ్చుతాయి, లోపలి ఉన్ని అప్పడంలా అణగిపోతుంది. వెచ్చదనం కావలసిన చోటే వెచ్చదనం పోతుంది.

తడిసినా ఫరవాలేదన్న శాస్త్రవేత్త

1951-52లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ భౌతికశాస్త్రవేత్త హ్యూ బ్రాడ్నర్ ఈ సమస్యను తలకిందులు చేసి చూశాడు. వెచ్చగా ఉండాలంటే పొడిగా ఉండి తీరాలా? అక్కరలేదన్నాడు. వేడిని ఆపేది గాలి బుడగలైనప్పుడు, ఆ బుడగలను దుస్తుల పదార్థం లోపలే బంధించి ఉంచితే సరిపోతుంది కదా! నియోప్రీన్ అనే కృత్రిమ రబ్బరు నురుగుతో ఒంటికి అతుక్కునే సూటు తయారయింది. ఇదే వెట్ సూటు. ఇది చవక, తేలిక. ప్రపంచమంతా వ్యాపించింది.

కాని బాయిల్ సూత్రం దీనినీ వదలలేదు. లోతుకు వెళ్ళినకొద్దీ నియోప్రీన్ బుడగలు నలిగి సూటు పలచబడుతుంది. కనుక చన్నీటిలో, లోతులో, ఎక్కువసేపు పనిచేయవలసిన వారు మళ్ళీ పొడి సూటు వైపే తిరిగారు. ఈసారి రెండు సదుపాయాలు తోడయ్యాయి. అంతరిక్ష దుస్తులలో గాలిని పట్టి ఉంచటానికి వాడిన లాంటి నీరు చొరని జిప్పు ఒకటి. సిలిండరు నుంచి సూటులోకి కావలసినప్పుడు గాలి వదులుకునే మీట రెండవది. స్వీడన్‌కు చెందిన పొసైడన్ సంస్థ తెచ్చిన ‘యూనిసూట్’ ఈ తరహాకు పేరుపొందింది. ఇక దిగుతున్నకొద్దీ గాలి చేర్చుకుంటూ, ఎక్కుతున్నకొద్దీ వదులుకుంటూ, లోపలి సూటు నలగకుండా చూసుకోవచ్చు.

ఉన్ని స్థానంలో వచ్చిన పోగులు

ఇక్కడి నుంచి కథ బట్టల మిల్లులోకి మారుతుంది. 1961లో నార్వేకు చెందిన హెలీ హాన్సెన్ సంస్థ కృత్రిమ పోగులతో బొచ్చు బట్టను తయారుచేసింది. ఇలాంటి బొచ్చు బట్టతో కుట్టిన ఒంటిముక్క లోపలి సూటును బ్రిటిష్ డైవర్లు ‘వూలీ బేర్’ అన్నారు, అంటే బొచ్చు ఎలుగుబంటి. తొడుక్కున్నవాడు అచ్చం అలాగే కనిపించేవాడు. ఈ పోగులు నీటిని పీల్చవు; తడిసినా దులిపితే నీరు జారిపోతుంది. 1979లో అమెరికాలోని మాల్డెన్ మిల్స్ మృదువైన పాలియెస్టర్ ఫ్లీసును తెచ్చింది. ఇవాళ మన ఊళ్ళలో చలికాలం అమ్మే ఫ్లీసు కోట్లకు మూలం అదే.

అదే 1979లో 3ఎం సంస్థ ‘థిన్సులేట్’ను అమ్మకానికి పెట్టింది. తలవెంట్రుక కంటే ఎన్నో రెట్లు సన్నని పోగులు ఇందులో ఉంటాయి. పోగు ఎంత సన్నగా ఉంటే అదే బరువులో అన్ని ఎక్కువ పోగులు, అంత ఎక్కువ ఉపరితలం, అంత గట్టిగా గాలి చిక్కుకుపోవటం. 1980లలో అమెరికా నౌకాదళం ఈ పదార్థంతో కుట్టిన లోపలి సూట్లను పరీక్షించి వాడుకలోకి తెచ్చింది.

మెత్తని బొచ్చుకూ దీనికీ అసలు తేడా నలగటంలో ఉంది. మీరు నీటిలో నిలువుగా ఉన్నారనుకోండి. భుజాలకూ పాదాలకూ మధ్య సుమారు ఒకటిన్నర మీటర్లు. అంటే పాదాల దగ్గర పీడనం 0.15 వాతావరణం ఎక్కువ. సూటులోని గాలి అంతా పైకి, భుజాల దగ్గరికి చేరుతుంది. కాళ్ళ చుట్టూ సూటు బిగుసుకొని లోపలి బొచ్చును అణచివేస్తుంది. సూటులోకి గాలి వదిలే మీట ఉన్నా ఈ తేడా పోదు. మరీ ఎక్కువ గాలి నింపితే మనిషి బెలూనులా పైకి లేచిపోతాడు. అది మరో ప్రమాదం. కనుక కొంత ఒత్తిడికి నలగని పదార్థం కావాలి.

ఈ వెచ్చదనాన్ని కొలవటానికి ఒక ప్రమాణం కూడా ఉంది. 1941లో గాగీ, బర్టన్, బాజెట్ అనే ముగ్గురు శాస్త్రజ్ఞులు ‘క్లో’ అనే కొలతను ప్రతిపాదించారు. 21 డిగ్రీల గదిలో ఊరికే కూర్చున్న మనిషిని సుఖంగా ఉంచే దుస్తుల విలువ 1 క్లో. మామూలు కోటు, ప్యాంటు అంత ఉంటుందనుకోండి. పొడిగా ఉన్నంతవరకు ఏ బట్టకైనా సెంటీమీటరు మందానికి సుమారు 1.6 క్లో వస్తుంది. అంటే ఏ పదార్థం అన్నదానికంటే ఎంత మందం అన్నదే ముఖ్యం. ఐతే ఆ మందం నీటి అడుగున మిగలాలి. దుకాణంలో సెంటీమీటరు ఉన్న బొచ్చు కాళ్ళ దగ్గర సగానికి నలిగితే వెచ్చదనం కూడా దాదాపు సగమే. కనుక లోపలి సూటును వేలితో నొక్కి చూడటం వట్టి చాదస్తం కాదు, అదొక చిన్న ప్రయోగం.

మీరే ఎంచుకోవలసి వస్తే

పైన చెప్పిన చరిత్రను కొన్ని నియమాలుగా మార్చుకోవచ్చు. ఒంటికి తగిలే మొదటి పొర పలచగా, తేమను లాగివేసేదిగా ఉండాలి. సన్నని మెరినో ఉన్ని గాని, పాలీప్రొపిలీన్ వంటి కృత్రిమ పోగు గాని మంచిది. నూలు బనియను వద్దు. దానిమీద వేడిని ఆపే మందమైన పొర రావాలి. నీటి చల్లదనాన్ని బట్టే కాక చేసే పనిని బట్టి కూడా మందం నిర్ణయించుకోవాలి. ఈదుతూ ఉండేవాడికి సరిపోయింది, ఒకచోట కూర్చొని ఫొటో తీసేవాడికి చాలదు.

మందం పెంచుకుంటూ పోవటమూ పరిష్కారం కాదు. లోపల చిక్కిన ప్రతి లీటరు గాలికి సుమారు ఒక కిలో సీసం అదనంగా మోయాలి. సూటు తొడిగి గొంతుక్కూర్చొని, చేతులు తలమీదికి ఎత్తి వెనక సిలిండరు మీట అందుతుందో లేదో చూసుకోవాలి. గాలి బయటికి పోయే కవాటానికి లోపలి బట్ట అడ్డుపడకుండా చూడటం మరీ ముఖ్యం. అది మూసుకుపోతే పైకి వచ్చేటప్పుడు గాలి వ్యాకోచించి మనిషిని ఒక్కసారిగా ఉపరితలానికి విసిరివేస్తుంది.

సూటులో ఏ వాయువు నింపాలన్నది కూడా ఆలోచించవలసిందే. లోతైన డైవింగులో పీల్చే హీలియం మిశ్రమాన్ని సూటులోకి వదలకూడదు; హీలియం ఉష్ణవాహకత గాలికి దాదాపు ఆరు రెట్లు. ఆర్గాన్‌ది గాలిలో మూడింట రెండు వంతులే. కనుక ఆర్గాన్ నింపితే వెచ్చగా ఉంటుందని చాలామంది చిన్న సిలిండరు ఒకటి అదనంగా మోస్తారు. 2001లో నార్వే పరిశోధకులు డైవర్లపై పరీక్షించి చూస్తే గాలికీ ఆర్గాన్‌కూ చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. కాగితం మీది లెక్క ఒంటిమీద తేలాలని లేదు.

మరీ లోతులో, హీలియం పీలుస్తూ రోజుల తరబడి పనిచేసేవారికి ఏ లోపలి సూటూ చాలదు. వారికి ఓడ మీద నుంచి గొట్టంలో వేడినీరు పంపే సూట్లు వాడతారు. ఇలాంటి లోతైన డైవింగు మనకు దూరపు సంగతి కాదు. విశాఖపట్నంలోని హిందుస్థాన్ షిప్‌యార్డ్ నిర్మించిన డైవింగ్ సహాయక నౌక ‘నిస్తార్’ 2025 జూలై 18న భారత నౌకాదళంలో చేరింది.

కీళ్ళనొప్పుల రహస్యం

చివరగా మళ్ళీ రాయల్ జార్జ్ దగ్గరికి వెళదాం. అక్కడ పనిచేసిన అనుభవజ్ఞులైన డైవర్లలో ఒక్కడు కూడా వాతపు నొప్పులనుంచీ, జలుబునుంచీ తప్పించుకోలేదని పాస్లీ నమోదుచేశాడు. చన్నీటిలో పనిచేస్తే కీళ్ళు పట్టేయటం సహజమేనని అందరూ అనుకున్నారు. 1878లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు పాల్ బేర్ అసలు సంగతి బయటపెట్టాడు. పీడనంలో రక్తంలోనూ, కండరాలలోనూ కరిగిన నత్రజని, త్వరగా పైకి వస్తే సోడాబుడ్డి మూత తీసినట్లు బుడగలు కడుతుంది. ఆ నొప్పులు చాలావరకు చలివి కావు, ఈ బుడగలవి. అందుకే డైవర్లు పైకి వస్తూ మధ్యలో ఆగి, నత్రజని మెల్లగా పోయేదాకా వేచి ఉంటారు.

ఐతే చలికి దీనితో సంబంధమే లేదా? 2007లో ప్రచురించిన ఒక అధ్యయనంలో అమెరికా నౌకాదళ ప్రయోగ డైవింగ్ కేంద్రం దీనిని తేల్చింది. సుమారు 37 మీటర్ల లోతుకు సమానమైన పీడనంలో డైవర్లను ఉంచి, నీటి ఉష్ణోగ్రతను మార్చి చూశారు. అడుగున 36 డిగ్రీల వెచ్చని నీటిలో 30 నిమిషాలు ఉండి, పైకి వచ్చేటప్పుడు 27 డిగ్రీల నీటిలో ఉన్నవారిలో సుమారు 22 శాతం డైవ్‌లలో బుడగల జబ్బు కనిపించింది. ఇందుకు తలకిందులుగా, అడుగున చల్లగానూ పైకి వచ్చేటప్పుడు వెచ్చగానూ ఉన్నవారు అడుగున 70 నిమిషాలు గడిపినా అది 1.3 శాతమే.

కారణం ఆలోచించండి. ఒళ్ళు వెచ్చగా ఉంటే చర్మానికీ కండరాలకూ రక్తం ఎక్కువగా ప్రవహిస్తుంది, నత్రజని ఎక్కువగా చేరుతుంది. తరువాత చల్లబడితే రక్తనాళాలు ముడుచుకుంటాయి. చేరిన నత్రజని బయటికి పోయే దారి ఇరుకవుతుంది. నాసిరకం లోపలి సూటు సరిగ్గా ఈ పనే చేస్తుంది. దిగగానే వెచ్చగా ఉంటుంది, పని చెమట పట్టిస్తుంది, తరువాత అది తడిసి, నలిగి, డైవరు కదలకుండా వేచి ఉండవలసిన చివరి అరగంటలో చలి కొరుకుతుంది. బ్యాటరీతో వేడెక్కే చొక్కా మధ్యలో ఆగిపోయినా అంతే. కనుక లోపలి సూటును దిగే క్షణాన్ని బట్టి కాదు, పైకి వచ్చే చివరి నిమిషాన్ని బట్టి ఎంచుకోవాలి.

ఆ ప్రయోగంలో ‘చల్లని’ నీరు 27 డిగ్రీలు అన్న సంగతి మరోసారి చూడండి. ఏడాదిలో చాలా నెలలు మన విశాఖ సముద్రం పైనీరు దాదాపు అంతే ఉంటుంది. మనకు వెచ్చగా తోచే నీరు కూడా, గంటలకొద్దీ అందులో ఉండేవాడికి చన్నీరే.

ఇవాళ డైవర్లు తొడిగే పలచని పొడి సూటు రెండు నైలాను బట్టల మధ్య రబ్బరు పొర. 1823 నాటి మాకింతోష్ బట్టకు అది మనుమడు. దాని లోపల ఉండేది చిక్కుకున్న గాలి. గొంగడిలో ఉన్నదీ అదే. పోగులు మారాయి, కొలతలు వచ్చాయి, పీడనం సంగతి తెలిసింది. ఈసారి వానలో కాపరి ఎదురైతే ఆ గొంగడి అంచు ఒకసారి వేళ్ళతో నొక్కి వదిలి చూడండి. అది తిరిగి పైకి లేస్తుంది. మంచి లోపలి సూటుకు ఉండవలసిన లక్షణమూ అదే.